వడగట్టి పారేస్తున్నదాన్నే పరీక్షించండి

రాయగడ, గుణుపురం పురపాలక అధికారులకు, రాయగడ జిల్లా యంత్రాంగానికి, ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం నాగావళి, వంశధార ఒడ్డున ఉంటూ నీటి పరీక్షలు, రసాయన శాస్త్ర బోధన, నీటి శుద్ధి పనుల్లో ఉన్నవాళ్ళం. మా విన్నపం ఒక్కటే. మీరు నది నీళ్ళను పరీక్షిస్తున్నారు. ఆ నీళ్ళలో కొట్టుకుపోతున్న ప్లాస్టిక్ నలుసులను, అడుగున పేరుకున్న ఒండ్రును పరీక్షించడం లేదు. నీళ్ళలో సరిగా కరగని పురుగుమందులు, మసిలోని రసాయనాలు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల అవశేషాలు ఎక్కువగా ఉండేది ఆ రెంటిలోనే. నీటి నమూనా తీసేటప్పుడు పైన తేలే చెత్తను తప్పించి సీసా ముంచడం మామూలు పద్ధతి, కొన్ని పరీక్షలకు ప్రయోగశాలలో వడగట్టడమూ ఉంది. బీఓడీకి (నీళ్ళలో కుళ్ళే మలినం ఎంతో చూపే కొలత), కోలిఫారం బ్యాక్టీరియా లెక్కకు అలా ముంచిన సీసా సరిపోతుంది. ఈ విషాల విషయంలో మాత్రం అసలు చూడాల్సినదాన్ని పక్కన పారబోసి మిగిలినదాన్ని కొలిచినట్టవుతుంది.

ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం ఉంది. నాగావళి కలహండి కొండల్లో పుట్టి దాదాపు 256 కిలోమీటర్లు నడుస్తుంది. అందులో సుమారు 161 కిలోమీటర్లు ఒడిశాలోనే. మిగతాది తోటపల్లి బ్యారేజీ మీదుగా శ్రీకాకుళం పట్టణాన్ని ఒరుసుకుంటూ సముద్రానికి వెళుతుంది. గుణుపురం, కాశీనగరం దాటిన వంశధార గొట్టా బ్యారేజీ దగ్గర ఆగి, కళింగపట్నంలో సముద్రంలో కలుస్తుంది. రాయగడ బజార్లో, గుణుపురం వీధుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఎగువన వదిలింది దిగువన తాగేవాళ్ళు, ఇక్కడ వదిలేవాళ్ళు చాలామటుకు ఒకే బంధువర్గం. అందరూ చదవాలనే ఇలా రాస్తున్నాం.

నది ఒడ్డు ఇసుకలో రెండు మూడు ఎండాకాలాలు పడి ఉన్న కేరీ బ్యాగును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రంగు వెలిసి, పిండి రాసినట్టు తెల్లగా ఉంటుంది. మడత పెడితే మడత దగ్గరే చిట్లుతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పెంకుల్లా రాలుతుంది. నీళ్ళలో నానిన భాగం మీద జారుడుగా, ఆకుపచ్చ గోధుమ కలిసిన పొర ఉంటుంది. అది సూక్ష్మజీవుల పొర. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిథిన్ గొలుసులను తెంచుతాయి, తెగిన చోట ఆక్సిజన్ చేరుతుంది, పైపొర సన్నని పగుళ్ళుగా చీలుతుంది. ఒక సంచి లక్షల నలుసులవుతుంది. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని శాస్త్రవేత్తలు మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2024లో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలను సవరిస్తూ, 1 మైక్రాన్ నుంచి 1000 మైక్రాన్ల దాకా ఉన్న, నీళ్ళలో కరగని ప్లాస్టిక్ రేణువును మైక్రోప్లాస్టిక్‌గా నిర్వచించింది. ఏ నిర్వచనం తీసుకున్నా మన నదుల్లో అవి ఉన్నాయి.

ఇక అవి విషాన్ని ఎలా మోస్తాయన్నది. ఎర్రటి ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎన్నిసార్లు తోమినా వాసన, మరక పోకపోవడం ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. నూనెలో కలిసే పదార్థాలు పాలిథిన్ పైన అంటుకుని ఊరుకోవు, లోపలికి ఇంకుతాయి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ మామూలు ఉష్ణోగ్రతలో లోపల మెత్తగా, గొలుసులు కదిలే స్థితిలో ఉంటాయి. వాటి మధ్య ఖాళీల్లోకి చిన్న కర్బన అణువులు దూరగలవు. పాలీస్టైరిన్ (థర్మోకోల్ రకం), పీవీసీ, పెట్ (నీళ్ళ సీసాల ప్లాస్టిక్) అదే ఉష్ణోగ్రతలో గాజులా బిగిసి ఉంటాయి కాబట్టి వాటిలో ఎక్కువగా పైపొరకే అంటుకుంటుంది. అందుకే ఫినాంథ్రీన్ అనే మసి రసాయనాన్ని ఇచ్చి చూస్తే పాలిథిన్ ఎక్కువ, పాలీప్రొపిలీన్ దాని తర్వాత, పీవీసీ ఇంకా తక్కువ పట్టుకుంటాయి.

ఎంత పట్టుకుంటాయో అంకెల్లో చెబుతాం. ఫినాంథ్రీన్ ఉన్న నీళ్ళలో పల్చని పాలిథిన్ ముక్కను తగినన్ని రోజులు ఉంచితే, చివరికి ఒక గ్రాము పాలిథిన్‌లో ఉండే ఫినాంథ్రీన్ సుమారు 15 లీటర్ల నీళ్ళలో ఉన్నదానితో సమానం. బెంజోపైరీన్ లాంటి పెద్ద అణువైతే ఆ లెక్క వెయ్యి లీటర్లు దాటుతుంది. 2001లో జపాన్ శాస్త్రవేత్తలు తీరంలోని పాలీప్రొపిలీన్ గుళికల మీద పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లోని రసాయనాలు), డీడీటీ నుంచి వచ్చే డీడీఈ కొలిచారు. చుట్టూ ఉన్న సముద్రపు నీటి కంటే లక్ష నుంచి పది లక్షల రెట్లు చిక్కగా ఉన్నాయి. ఆ తర్వాత టోక్యో వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయంలో హిదేషిగే తకాదా బృందం ప్రపంచవ్యాప్తంగా తీరాల నుంచి గుళికలు తెప్పించుకుని పరీక్షించడం మొదలుపెట్టింది. నీళ్ళలో అతి తక్కువగా ఉన్న విషాలను పట్టడానికి శాస్త్రవేత్తలు శుభ్రం చేసిన పాలిథిన్ పట్టీలనే కావాలని నదుల్లో వేలాడదీస్తారు. వాళ్ళు పరికరంగా వాడే పదార్థమే మన నదుల్లో చెత్తగా తిరుగుతోంది. కాబట్టి ఆ చెత్తలో నది చరిత్ర రాసి ఉంది, చదివేవాళ్ళు కావాలి.

అన్ని మందులూ ఇలా అంటుకోవు. ఇక్కడే పరీక్షలు దారి తప్పుతాయి. రాయగడ, గుణుపురం, గుడారి, బిస్సం కటక్ వైపు పత్తి చేలల్లో కొట్టే మందులను ఈ దృష్టితో రెండుగా విడదీయాలి. ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవాన్ని, నీళ్ళను ఒకే పాత్రలో పోసి మందు వేస్తే అది దేనిలోకి పోతుందో చూడటం రసాయన శాస్త్రంలో మామూలు కొలత. గ్లైఫోసేట్ కలుపు మందు దాదాపు మొత్తం నీళ్ళలోనే ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్ నూనె వైపు నీటి కంటే నాలుగు రెట్లు మాత్రమే చేరుతుంది. ఇవి ప్లాస్టిక్‌ను పెద్దగా పట్టుకోవు. వీటికి నీటి పరీక్షే సరైనది. క్లోరోపైరిఫాస్ మాత్రం నూనె వైపు 50 వేల రెట్లు చేరుతుంది, ప్రొఫెనోఫాస్ పాతిక వేల రెట్లకు పైగా, సైపర్‌మెత్రిన్ పది లక్షల రెట్లకు పైగా. సైపర్‌మెత్రిన్ లీటరు నీళ్ళలో కొన్ని మైక్రోగ్రాములకు మించి కరగదు. అలాంటి మందును తేరిన నీళ్ళలో వెతికి "కనబడలేదు" అని రాస్తే అది నది శుభ్రతకు సాక్ష్యం కాదు, తప్పు చోట వెతికామనడానికి సాక్ష్యం. మలేరియా దోమల కోసం ఇంటి గోడల మీద ఏళ్ళ తరబడి కొట్టిన డీడీటీ కూడా ఈ రెండో వర్గమే. ఎండోసల్ఫాన్ పురుగుమందును సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. పాత నిల్వలు, మట్టిలో మిగిలినవి ఉంటే అవీ ఒండ్రులోనే దొరుకుతాయి.

ప్లాస్టిక్ వట్టి మోత బండి మాత్రమే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మెత్తటి పీవీసీ గొట్టాల్లో, రెగ్జిన్‌లో మెత్తదనం కోసం కలిపిన థాలేట్లు, పాత టీవీ పెట్టెల్లోని బ్రోమిన్ రసాయనాలు దాని సొంత సరుకు. అవి నెమ్మదిగా బయటికి కారుతూ ఉంటాయి. టైరు అరుగుడు పొడి ఇంకో రకం. టైర్లలో వేసే 6పీపీడీ అనే పదార్థం ఓజోన్‌తో కలిసి మారే రూపమే అమెరికా పశ్చిమ తీరంలో వాన పడినప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు చనిపోవడానికి కారణమని 2020 చివర్లో తేలింది.

మేం అన్నిటికంటే ఎక్కువ ఆందోళనపడేది చెత్త తగలబెట్టడం గురించి. డంపింగ్ స్థలంలో, గెడ్డ గట్టున, మార్కెట్ వెనక సందులో కుప్పకు నిప్పు పెడతారు. ప్లాస్టిక్ పూర్తిగా కాలదు. గాలి అందని చోట కరిగి, మసితో కలిసి, నల్లటి గడ్డలవుతుంది. పైరీన్, బెంజోపైరీన్ లాంటి మసి రసాయనాలు పుట్టేదే సగం కాలిన మంటలో. వాటిని ఇష్టంగా పీల్చుకునే పాలిథిన్ పక్కనే వేడిగా, కరిగి ఉంది. అంటే నదికి చేరకముందే నలుసు నిండా సరుకు ఎక్కేసింది. పీవీసీ, సగం తడిసిన చెత్త కలిసి కాలితే డయాక్సిన్లు అనే విషాలు కూడా వస్తాయి. తొలకరి వాన ఆ బూడిదను, గడ్డలను, పొడిని ఒక్క గంటలో గెడ్డలోకి తోస్తుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించాయి. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు. కుప్పకు నిప్పు పెట్టేది చాలాచోట్ల చెత్త ఎత్తలేక విసిగిన పారిశుద్ధ్య సిబ్బందో, పక్క దుకాణాలవాళ్ళో. బండి రోజూ వస్తే ఎవరూ అగ్గిపుల్ల గీయరు. జరిమానా కంటే ముందు బండి రావాలి.

నదిలో పడ్డాక ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కడ వెతకాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. నీటి సాంద్రత 1 అయితే పాలిథిన్ సాంద్రత 0.91 నుంచి 0.97, పాలీప్రొపిలీన్ 0.90 చుట్టూ. ఇవి తేలుతాయి. నైలాన్ 1.14, పెట్, పీవీసీ 1.38 చుట్టూ. ఇవి మునుగుతాయి. తేలేవాటి మీద కూడా నాచు, సూక్ష్మజీవుల పొర పట్టి, సన్నటి ఒండ్రు అతుక్కుంటే కొన్ని వారాలకు దిగిపోతాయి. అందుకని ఎండాకాలంలో మడుగుల అడుగున, బ్యారేజీ వెనక నిలవ నీటిలో ఇవి పేరుకుంటాయి. వరద వస్తే మళ్ళీ లేస్తాయి. ఇంగ్లండులో మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల అడుగు మట్టిని వరదలకు ముందూ తర్వాతా పరీక్షించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, అడుగున ఉన్న మైక్రోప్లాస్టిక్‌లో దాదాపు 70 శాతం వరదలకు కొట్టుకుపోయిందని తేలింది. మన నదుల వాలు, వరద వేగం తక్కువేం కాదు. తేరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయిన 2017 జూలై వరదను, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెంట వంశధారకు వచ్చిన నీళ్ళను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇసుక నదులకు ఒక ప్రత్యేకత ఉంది. ఈ విషాలు ప్లాస్టిక్‌ను మాత్రమే కాదు, మట్టిలోని కుళ్ళిన ఆకు, హ్యూమస్ లాంటి సేంద్రియ పదార్థాన్ని కూడా పట్టుకుంటాయి. ఫినాంథ్రీన్ విషయంలో ఒక గ్రాము పాలిథిన్, ఒక గ్రాము సేంద్రియ కార్బన్ దాదాపు సమానం. నల్ల ఒండ్రులో సేంద్రియ పదార్థం ఎక్కువ కాబట్టి అక్కడ ప్లాస్టిక్ వాటా చిన్నది. సేంద్రియ కార్బన్ వెయ్యింట ఒక వంతే ఉన్న ఇసుకలో మాత్రం ఒక గ్రాము ప్లాస్టిక్ కిలో ఇసుక పట్టేంత విషాన్ని పట్టగలదు. పైగా ఒండ్రుకు అంటుకున్న విషం ఒండ్రుతోపాటు ఎక్కడో దిగబడుతుంది. తేలే నలుసు దాన్ని అక్కడ దిగనివ్వకుండా దిగువ జిల్లాకు, పొలం కాలువకు, సముద్రపు మొగకు తీసుకుపోతుంది.

చేపల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. జీవుల కడుపులోని పిత్తరసం లాంటి ద్రవాలకు వేడి రక్తపు జంతువుల ఒంటి వేడి కూడా తోడైతే ప్లాస్టిక్ నుంచి విషం సముద్రపు నీటిలో కంటే 30 రెట్ల వేగంతో దాకా విడివడవచ్చని 2014 నాటి ప్రయోగాలు చూపించాయి. అదే సమయంలో 2016లో అల్బర్ట్ కూల్మన్స్, ఆయన సహ శాస్త్రవేత్తలు లెక్కలు వేసి, సముద్రంలో చాలాచోట్ల చేపకు ఈ విషాలు ఎక్కువగా చేరేది తిండి, నీళ్ళ నుంచేనని, ప్లాస్టిక్ వాటా చిన్నదని వాదించారు. మేం ఆ వాదనను గౌరవిస్తాం. చేపలు తినొద్దని మేం చెప్పడం లేదు. అలాంటి పుకారు ఈ ఒడ్డున వలలు వేసుకునే కుటుంబాల పొట్ట కొడుతుంది. మా మాట ఇంతే: చెత్తకుప్ప దిగువన, డ్రైనేజీ కలిసే చోట, అడుగు మట్టిని తినే చేపలు, నత్తలు ఉన్న మడుగుల్లో లెక్క వేరుగా ఉండవచ్చు. కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడం ఎలా? ఇది కష్టం కాదు, అజాగ్రత్తగా చేస్తే మాత్రం మొత్తం వృథా. ఒకే రోజు, ఒకే చోట మూడు తీయాలి: నీళ్ళు, అడుగు మట్టి, వలలో పడ్డ నలుసులు. ఏ ఒక్కటి తగ్గినా, విషం ఏ దారిన వెళుతోందో తెలియదు.

నీళ్ళకు ముదురు గోధుమ రంగు గాజు సీసా, 2 లీటర్లది. ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే అది మనం వెతికే మందును పీల్చేసుకుంటుంది, తన థాలేట్లు మనకిస్తుంది. మట్టికి స్టీలు గరిటె, పై 5 సెంటీమీటర్లు మాత్రమే, అదే చుట్టుపక్కల ఐదు చోట్ల తీసి స్టీలు గిన్నెలో కలిపి కిలో తీసుకోవాలి. నలుసులకు 300 మైక్రాన్ల కన్ను ఉన్న వల, మూతి దగ్గర నీటి ప్రవాహ మీటరు. మామూలు రోజుల్లో అరగంట వేయవచ్చు. వరదలో ఆకులు, గడ్డి నిండి ఐదు నిమిషాలకే వల మూసుకుపోతుంది, నీళ్ళు మూతి పక్కనుంచి తప్పుకుంటాయి. మీటరు లేకపోతే ఆ సంగతి తెలియదు, లెక్క తక్కువగా వస్తుంది. అలాంటప్పుడు స్టీలు బకెట్‌తో 100 లీటర్లు తోడి 5, 1, 0.3 మిల్లీమీటర్ల స్టీలు జల్లెళ్ళ మీదుగా పోయడం మేలు. వల కన్ను ఎంతో నివేదికలో రాయకపోతే ఆ అంకెను ఇంకో నదితో పోల్చలేం.

వలలో పడ్డదాన్ని అక్కడే రెండు భాగాలు చేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లెక్కపెట్టే భాగాన్ని ఆకు, నాచు కరిగిపోయేలా 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, ఇనుప లవణంతో వేడి చేస్తారు. 0.05 మోలార్ ఫెర్రస్ సల్ఫేట్ 20 మిల్లీలీటర్లు, పెరాక్సైడ్ 20 మిల్లీలీటర్లు, 75 డిగ్రీలు. పొంగి పైకి వస్తుంది, పక్కన చల్లని నీళ్ళ తొట్టి ఉండాలి, కళ్ళద్దాలు తప్పనిసరి. ఆ చర్య విషాలను కూడా విరగ్గొడుతుంది. కాబట్టి విషాల పరీక్షకు పంపే భాగానికి పెరాక్సైడ్ తగలకూడదు. శుభ్రమైన నీళ్ళతో కడిగి, స్టీలు పట్టకారుతో నలుసులు ఏరి, 450 డిగ్రీల్లో నాలుగు గంటలు కాల్చిన అల్యూమినియం రేకులో చుట్టి, మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి. ఒకటి రెండు నలుసులతో పని జరగదు. ఒకే రకం ప్లాస్టిక్‌వి కలిపి గ్రాములో పదో వంతైనా పోగుచేయాలి. వాటిని హెక్సేన్ లాంటి ద్రావకంలో ఊరించి రసాయనాలను విడదీసి గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రంలో చూస్తారు.

మట్టి నుంచి ప్లాస్టిక్ తేల్చడానికి లీటరు నీళ్ళకు 360 గ్రాముల దాకా ఉప్పు కలిపితే సాంద్రత 1.2 వస్తుంది. చవక, ప్రమాదం లేదు. దానికి పాలిథిన్, నైలాన్ తేలుతాయి, పెట్, పీవీసీ తేలవు. పాలిస్టర్ పోగులు, గొట్టాల ముక్కలు అడుగునే ఉండిపోతాయి. అవి కావాలంటే 1.6 పైబడిన జింక్ క్లోరైడ్ ద్రావణం కావాలి. అది చర్మాన్ని కాలుస్తుంది, కాలువలో పారబోయకూడదు, వడగట్టి మళ్ళీ వాడుకోవాలి. బజారు ఉప్పులోనూ ప్లాస్టిక్ ఉంటుంది కనుక ద్రావణాన్ని ముందే వడగట్టాలి. ప్రయోగశాలలో పాలిస్టర్ చీర, చొక్కా వద్దు, నూలు కోటు వేసుకోవాలి. పది నమూనాలకు ఒకటి చొప్పున వట్టి నీళ్ళతో అన్ని మెట్లూ చేసి చూడాలి. ఆ ఖాళీ నమూనాలో పోగులు వస్తే అవి నదివి కావు, గదివి. నైల్ రెడ్ రంగు వేసి మెరిసినవన్నీ ప్లాస్టిక్ అని రాసేయకండి. ఆకు మైనం, కొవ్వు కూడా మెరుస్తాయి. కనీసం పదో వంతు నలుసులను ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే యంత్రం) కింద పెట్టి ఖాయం చేసుకోవాలి. టైరు పొడిలో నల్లటి కార్బన్ కాంతిని మింగేస్తుంది కాబట్టి ఎఫ్‌టీఐఆర్‌కు అది దొరకదు. దానికి వేడితో విడగొట్టి చూసే జీసీ-ఎంఎస్ పద్ధతి వేరే ఉంది.

ఇవన్నీ నాలుగు కాలాల్లో చేయాలి: ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు తగ్గినప్పుడు, తొలకరి మొదటి పెద్ద వాన పడ్డ రోజు, ఆగస్టు వరదలో, అక్టోబరు చివర. నాలుగింటిలో తొలకరి ముఖ్యం, తప్పిపోయేదీ అదే. ఆ వాన ఆదివారం రాత్రి పడితే సోమవారం మధ్యాహ్నానికి సరుకు దాటిపోతుంది. సీసాలు, వల ముందే సర్ది ఉంచి, ఎవరు వెళతారో పేరు రాసి పెట్టుకుంటేనే దొరుకుతుంది. స్థలాలు: రాయగడకు ఎగువన ఒకటి, పట్టణం మురుగు కలిశాక ఒకటి, పరిశ్రమల బయటి నీరు కలిసే చోట్లకు ఎగువనా దిగువనా, నాగావళి రాష్ట్రం దాటే ముందు ఒకటి. వంశధార మీద గుణుపురానికి ఎగువ, దిగువ, కాశీనగరం. వీలైతే ప్రతి చోటా శుభ్రం చేసిన పల్చని పాలిథిన్ పట్టీని స్టీలు పంజరంలో నెల రోజులు కట్టి ఉంచండి. ఖర్చు తక్కువ, నెల మొత్తానికి లెక్క ఇస్తుంది. పట్టీ మందం పెరిగితే లోపలి దాకా నిండటానికి పట్టే కాలమూ పెరుగుతుంది కనుక అన్ని చోట్లా ఒకే మందం, 50 మైక్రాన్లు, వాడాలి.

తాగునీటి ప్లాంట్ల గురించి చిన్న మాట, కానీ పెద్ద పని. పటిక వేసి తేర్చి ఇసుక ఫిల్టరు గుండా పంపితే నలుసుల్లో ఎక్కువ భాగం ఆగిపోతుంది. సంతోషం. ఆగినది ఎక్కడికి పోతోంది? తేర్చే తొట్టి అడుగు బురద, ఫిల్టరును వెనక్కి కడిగిన నీళ్ళు నేరుగా నదిలోకే వదిలితే పట్టుకున్నదంతా చిక్కగా చేసి తిరిగి ఇచ్చినట్టే. ప్లాంటు ఆవరణలో ఇసుక, కంకర పరిచిన ఎండబెట్టే మడులు కట్టించండి. కడిగిన నీళ్ళను తేర్చి మళ్ళీ ఇన్‌టేక్‌కు తిప్పుకోవచ్చు. ఎండిన బురద పొలాలకు ఎరువుగా ఇవ్వకండి.

మురుగు కాలువల పూడిక తీసే తీరు కూడా మారాలి. మే నెలలో తీసిన నల్ల బురదను గట్టు మీదే కుప్ప పోసి, ఆరాక తీసుకెళదామని వదిలేస్తారు. ఆ లోపు వాన వస్తుంది, కుప్ప మళ్ళీ కాలువలోకి జారుతుంది. ఆ బురదను కర్రతో కలిపి చూడండి. నీళ్ళ మీద ఏడు రంగుల నూనె పొర విచ్చుకుంటుంది. వెండి రంగు వెలిసి పోగులు లేచిన గుట్కా ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, థర్మోకోల్ పూసలు, టైరు పొడి అన్నీ అందులోనే. పట్టణంలో ఇంతకంటే విషం చిక్కగా ఉన్న మట్టి ఇంకోటి దొరకదని మా నమ్మకం. తీసిన రోజే, టార్పాలిన్ కప్పిన బండిలో, నీళ్ళు కారని అడుగు ఉన్న స్థలానికి వెళ్ళాలి. కాలువ నదిలో కలిసే ప్రతి చోటా పెద్ద చెత్తకు ఇనుప చువ్వల తడిక, దాని వెనక ఇసుక, బురద దిగడానికి చిన్న గుంట ఉండాలి. చువ్వలు మైక్రోప్లాస్టిక్‌ను ఆపవు, మైక్రోప్లాస్టిక్ కాబోయే కవర్లను ఆపుతాయి. తడికకు చెత్త పట్టి నీళ్ళు పైకి పొంగితే జనం దాన్ని పీకేస్తారు, అది సహజం. వానాకాలంలో ప్రతి వాన తర్వాతా శుభ్రం చేసే మనిషిని పెట్టకుండా తడిక పెట్టవద్దు.

మజ్జిగౌరమ్మ దర్శనానికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు, చెకాగుడ వేలాడే వంతెన దగ్గరకు వనభోజనాలకు వచ్చేవాళ్ళు వదిలే ప్లేట్లు, గ్లాసుల గురించి కూడా రాయాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి నిషేధం. 2022 డిసెంబరు 31 నుంచి కేరీ బ్యాగు 120 మైక్రాన్లకు తగ్గకూడదు. ప్రత్యామ్నాయం మన అడవిలోనే ఉంది. అడ్డాకు విస్తర్లు కుట్టి బతికే కుటుంబాలు ఈ జిల్లాలో ఉన్నాయి. గుడి దగ్గర దుకాణాలకు వాళ్ళ దగ్గర నుంచే కొనిపించండి. ఒక్క జాగ్రత్త: యంత్రం మీద నొక్కి, కింద పల్చని ప్లాస్టిక్ పొర అతికించిన ఆకు ప్లేట్లు కూడా అడ్డాకు పేరుతో వస్తున్నాయి. వాటిని కుప్పలో వేస్తే ఆకు కుళ్ళిపోతుంది, పొర మిగులుతుంది. వెదురు పుల్లతో కుట్టినవి మాత్రమే కొనాలి.

బట్టల సంగతి కూడా తప్పదు. బ్రిటన్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో లెక్కవేసి, 6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒకసారి యంత్రంలో ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు ఊడతాయని చెప్పింది. రేవుల్లో ఉతుక్కునే ఆడవాళ్ళను తప్పుపట్టడానికి దీన్ని వాడవద్దు. హాస్టళ్ళు, ఆసుపత్రులు, లాండ్రీల బయటి నీటికి తేర్చే తొట్టి పెట్టించడం మీ చేతిలో ఉన్న పని.

వ్యవసాయ శాఖతో కలిసి చేయాల్సింది ఒకటుంది. పురుగుమందు డబ్బా ఖాళీ అయ్యాక అందులో పావు వంతు నీళ్ళు పోసి, మూత బిగించి, బాగా కుదిపి, ఆ నీళ్ళను స్ప్రేయర్ ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు. గెడ్డలో కడిగితే మందు, డబ్బా రెండూ నదికే. కడిగాక డబ్బాకు చిల్లు పెట్టకపోతే అది మంచినీళ్ళకో, కిరసనాయిలుకో వాడకంలోకి వెళుతుంది. డబ్బాలు తిరిగి తీసుకునే రోజును పత్తి కొనుగోళ్ళ రోజులతో కలిపితే రైతు బండి ఖాళీగా రాదు. కూరగాయల మడుల్లో వేసే మల్చింగు షీటు మరీ పల్చనిదైతే పంట చివర చుట్టి తీయడం కుదరదు, చేతిలో చిరిగి నేలలోనే ఉండిపోతుంది. సబ్సిడీ ఇచ్చేటప్పుడు మందం చూడండి.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పీసీబీలకు లీటరుకు 0.5 మైక్రోగ్రాములు, మసి రసాయనాలకు 0.1 మైక్రోగ్రాము హద్దు ఉంది. మైక్రోప్లాస్టిక్‌కు హద్దు లేదు. హద్దు లేదు కనుక పరీక్ష అక్కర్లేదని ఎవరైనా ఫైలులో రాస్తే, కొలవకుండా హద్దు ఎప్పటికీ రాదని దయచేసి జవాబు రాయండి.

మీ నుంచి మేం అడుగుతున్నవి ఇవి. వచ్చే ఏప్రిల్ లోపు పైన చెప్పిన చోట్లలో మొదటి నమూనాలు తీయించండి. ఆ పరికరాలున్న విశ్వవిద్యాలయంతో, అది భువనేశ్వర్‌దైనా బరంపురందైనా విశాఖపట్నందైనా, రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. అంకెలను తోటపల్లి, గొట్టా బ్యారేజీలు చూసే ఆంధ్రప్రదేశ్ ఇంజనీర్లకు, శ్రీకాకుళం నీటి సరఫరా విభాగానికి అదే నెలలో పంపండి. వాళ్ళ అంకెలు మీరు అడిగి తీసుకోండి. ఫలితాలను ప్లాస్టిక్ గ్రాముకు ఎన్ని నానోగ్రాములు, మట్టిలో సేంద్రియ కార్బన్ గ్రాముకు ఎన్ని నానోగ్రాములు అని పక్కపక్కనే, ఒడియాలోనూ తెలుగులోనూ పురపాలక కార్యాలయం గోడ మీద పెట్టండి. నది గట్టున ఉన్న చెత్త కుప్పలను వానలకు ముందే ఎత్తించండి, మిగతావాటికి ఆగినా దీనికి ఆగకండి. నమూనాలు తీయడంలో, సిబ్బందికి నేర్పడంలో, ఖాళీ నమూనాలు సరిచూడటంలో మా చేతనైన పని జీతం లేకుండా చేస్తాం. తేదీ చెప్పండి, వస్తాం.

ఇట్లు,
నాగావళి, వంశధార తీరాల నీటి పరీక్షకులు, రసాయన శాస్త్ర ఉపాధ్యాయులు